మరియమ్మ గడ్డి నూనె

మా బ్రాచ్ దీవిలో మగవాళ్లంతా రాతి క్వారీల్లో పనిచేసేవారు. అరచేతులు పగిలి నెత్తురు చిమ్మితే మా అమ్మ దొబ్రిలా దగ్గరికే వచ్చేవారు. జూన్‌లో కొండమీద పూసే మరియమ్మ గడ్డి పసుపు పూలను అమ్మ ఆలివ్ నూనెలో ముంచి, సీసాను నలభై రోజులు ఎండలో ఉంచేది. నూనె మెల్లగా కెంపురంగుకు తిరిగేది. "రాసుకుని ఎండలోకెళ్లకండి, చర్మం పొక్కుతుంది" అని అందరికీ చెప్పేది.

నేను పుట్టకముందు, 1956 ఫిబ్రవరిలో, గడ్డకట్టే చలికి ఆలివ్ చెట్లన్నీ మాడిపోయాయి. జూన్ నాటికి ఇంట్లో మిగిలింది ఒక్క సీసా నూనె. అమ్మ దాన్ని కూడా పూలమీద పోసేసింది. నాన్నమ్మ యెర్కా మండిపడింది.

"ఆకుకూరలో చుక్క వేసుకుందామన్నా లేదు, పంది కొవ్వు తిని తిని నోరు చచ్చిపోయింది. నువ్వేమో గడ్డికి నూనె తాగిస్తున్నావా?"

"క్వారీవాళ్ల చేతులు చూశారుగా, అత్తయ్యా!"

"వాళ్ల చేతులకున్న విలువ నా నోటికి లేదన్నమాట!"

ఆ తర్వాత అమ్మతో మాటలు బందు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అమ్మ తోట నుంచి తొందరగా వచ్చేసింది. వంటింట్లో నాన్నమ్మ. ముందు సగమైన సీసా, చేతిలో రొట్టెముక్క, గడ్డం మీద ఎర్రటి నూనె.

"పెదవులు పగిలాయి, రాసుకుంటున్నా" అంది.

"పెదవులకా, పొట్టకా?"

నాన్నమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నూనె రొట్టె తిని ఎన్నాళ్లయిందే, పిల్లా! చేదుగా ఉంది. అయినా ఆగలేకపోయాను."

అమ్మ పీట లాక్కుంది. పక్కన కూర్చుని తానూ ఒక ముక్క తుంచి ముంచింది. అడుగు కనిపించేదాకా ఇద్దరూ తిన్నారు.

ఆ చలికాలం క్వారీవాళ్లు చేతులకు కొవ్వు రాసుకుంటూ అమ్మను తిట్టుకున్నారు. సీసా ఏమైందో అమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఆలివ్ మోళ్ల నుంచి చిగుళ్లు లేచి మళ్లీ కాపు రావడానికి ఏడేళ్లు పట్టింది. కొత్త నూనె తీసిన మరుసటి జూన్‌లో పూలకోసం నాన్నమ్మే మోకాళ్లు పట్టుకుంటూ కొండెక్కింది. సగం పూలు, సగం పిచ్చిమొక్కలు తెచ్చి బల్లమీద గుమ్మరించింది.

"ఏరడానికి నాకు పొద్దుగూకింది" అని చెప్పి నవ్వేది అమ్మ, నాన్నమ్మ పోయిన ఎన్నో ఏళ్లకు కూడా.