తుపాకుల వరసలో గరిటె

"ఫిరంగికి బొట్టు పెడితే తప్పేంటో నువ్వే చెప్పు. దసరా రోజుల్లో ఆయుధం కంటబడితే చెయ్యి ఊరుకుంటుందా?"

వెంకటప్పయ్య గొంతు విని స్టీఫెన్ వ్యాను ఆపి అరుగెక్కాడు. కంకిపాడు నుంచి రోజూ బందరుకు కూరగాయలు తోలే స్టీఫెన్‌కు, పక్కింటి పెద్దాయన మొదలుపెట్టాక వినకుండా కదలడం చేతకాదు.

"మ్యూజియంలోనా బాబాయ్ గారూ? అక్కడివాళ్లు ఏమీ అనలేదా?"

"అనకేం! ఒకాయన పరిగెత్తుకొచ్చి, 'ముట్టుకోకూడదండీ' అంటూ గుడ్డతో తుడిచేశాడు."

బందరులో సముద్రం ఒడ్డున పాత కోటను బాగుచేసి అందులో మిలిటరీ మ్యూజియం పెట్టారని విని, ఆయన మనవరాలు భానుశ్రీని తీసుకెళ్లాడు. సైన్యంలో ఉన్నన్నాళ్లూ ఆయనది వంటపనే. ఇప్పుడు పెళ్లిళ్లకు వండుతున్నాడు. గదుల నిండా ఉన్న తుపాకులు చూసి, "తాతయ్యా, వీటిల్లో నువ్వు వాడిందేదీ?" అని అడిగిందా పిల్ల. ఏదీ లేదన్నాడు.

"అయితే నువ్వు మిలిటరీ కాదా అందిరా! ఆ పూట నాకు అన్నం సయించలేదనుకో."

తుడిచినాయనతోనే ఆ గోడు వెళ్లబోసుకున్నాడు. మంచుకొండల్లో ఓ దసరాకు తుపాకులన్నీ వరసగా పెట్టి పూజ చేస్తుంటే, ఈయన తన ఇనప గరిటెను తీసుకెళ్లి ఆ చివర ఆనించాడట. జవాన్లు పడీ పడీ నవ్వారు. సుబేదారు మాత్రం వంగి దానికీ బొట్టు పెట్టాడు. అదంతా విని మ్యూజియం ఆయన, "ఆ గరిటె ఇస్తే తుపాకుల పక్కనే పెడతామండీ" అన్నాడు.

"ఇవ్వాలనే ఉంది. కానీ మొన్న ఉయ్యూరు పెళ్లిలో కూడా పులిహోర దాంతోనే కలిపాను. అది లేకపోతే చెయ్యి ఆడదు."

లోపల్నుంచి ఆయన భార్య సుబ్బరత్నం అందుకుంది. "ఇంకోటి చేయించుకోండి. నన్నయినా ఎప్పుడన్నా ఇంత ముద్దుగా చూసుకున్నారా?"

ఈలోగా భానుశ్రీ అరుగు చివర గోడకు ఆనించి ఉన్న ఆ గరిటెను ఎత్తబోయింది. ఒంటిచేత్తో లేవలేదు. రెండు చేతులా పట్టుకుని మోకాళ్ల దాకా లేపి, దబ్బున దించేసింది.

"అమ్మో! ఇంత బరువుదా? దీన్ని ఆ చలిలో తిప్పేవాడివా తాతయ్యా?"

"తిప్పకపోతే వాళ్లేం తింటారే?"

పిల్ల చేతులు రుద్దుకుంటూ ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. వెంకటప్పయ్య గరిటెను తువ్వాల్లో చుట్టి, తనే తీసుకెళ్లి వ్యాను ముందు సీట్లో పడుకోబెట్టాడు.

"సరుకు దించాక అటెళ్లి ఇచ్చిరా అబ్బాయ్. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పు. అద్దాల పెట్టెలో పెట్టొద్దను. వచ్చిన పిల్లల్ని ఒకసారి ఎత్తి చూడనివ్వమను."