స్టిక్కర్ లేని అద్దం

మా బావ పోయాడు. అక్క ఫోన్ చేసినప్పుడు నేను మియాపూర్ డిపో దగ్గర చాయ్ తాగుతున్నాను. మూసాపేట చేరేసరికి వాళ్ళ గల్లీలో బండి పెట్టడానికి చోటు లేదు. క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ వాళ్ళు, మెడలో కార్డులతో సాఫ్ట్‌వేర్ పిల్లలు. నిజం చెప్తున్నాను, ఏడుపు కంటే ముందు కడుపుమంట వచ్చింది. నేను పోతే వీళ్ళలో సగం మంది అది కూడా నా వేషమే అనుకుని ఇంట్లో కూర్చుంటారు.

ఇద్దరం హైటెక్ సిటీ కంపెనీలకు క్యాబ్‌లు నడిపేవాళ్ళం. నవ్వించడం, నమ్మించడం నా విద్యలు. ఆయనకు రెండూ రావు. అయినా జనం ఆయన్నే నమ్మేవాళ్ళు. ఒకసారి సినిమాకు పోతూ, "మా ఇంటామె ఫోన్ చేస్తే ఎయిర్‌పోర్ట్ ట్రిప్‌ల ఉన్నడని చెప్పు బావా" అన్నాను. ఆమె చేసింది. ఈయన, "ఏడున్నడో ఎర్కే చెల్లె, కానీ చెప్ప. వాన్నే అడుగు" అన్నాడట. ఆ పూట నాకు అన్నం లేదు. మర్నాడు ఆయనకు మాత్రం సర్వపిండి డబ్బా కట్టి పంపింది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. బంద్ అంటే బండ్లు కదలవు, ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళను తీసుకుపోయే బండిని మాత్రం వదిలేవాళ్ళు. నేను ఎర్ర అక్షరాలతో 'దవాఖాన డ్యూటీ' అని స్టిక్కర్ కొట్టించి అద్దానికి అంటించాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళను రోగుల్లా వెనక సీట్లో వాల్చి ఆఫీసుల దగ్గర దింపేవాణ్ణి. ఒకాయనకు దగ్గడం కూడా నేర్పాను. బావకూ ఒక స్టిక్కర్ ఇచ్చాను. ఆయన బంద్ రోజు ఆఫీసు ట్రిప్ ఒప్పుకునేవాడే కాదు, పోయి అందరితో రోడ్డు మీద కూర్చునేవాడు. స్టిక్కర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అందరు గిట్లనే అంటిస్తే, నిజంగ పానం మీదికొచ్చినోన్ని ఎవడు వదుల్తడు?"

"అందరెందుకు అంటిస్తరు బావా, నేనొక్కన్నే గద."

"నీకొక్కనికే ఏమన్న కొమ్ములు మొల్చినయా?"

సిగ్నల్ దగ్గర ఇదే మాట, క్యూలో ఇదే మాట. వినీ వినీ విసుగొచ్చేది.

అలాంటి బంద్ రోజే మా అమ్మ కంటి ఆపరేషన్ తారీఖు పడింది. రెండు కళ్ళకూ పొర. ఎదురుగా ఉన్నది నేనో బావో, గొంతు వింటే తప్ప తెలిసేది కాదు. ఆ తారీఖు కోసం చాలా తిరిగాం. నా బండి ఎక్కమంటే అమ్మ, "అల్లుని బండైతేనే వస్త" అంది. కన్నకొడుకును, పక్క సీట్లో కూర్చున్నాను.

హైటెక్ సిటీ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకతను కిటికీలోకి వంగాడు.

"బంద్ ఎర్కలేదా కాకా? పానం మీదికొచ్చిందా?"

నేను 'గుండెపోటు' అనబోయేలోపే బావ నోరు తెరిచాడు. "పానానికేం లేదు తమ్మీ. కంటి ఆపరేషన్. ఇయ్యాల తప్పితే మల్ల ఎప్పుడు పిలుస్తరో తెల్వదు. వదుల్తె పోత."

అతను వెళ్ళి పెద్దవాళ్ళను అడిగొచ్చాడు. "పానం మీదికొస్తేనే వదలాలన్నరు కాకా, ఏమనుకోకు. అవ్వకు జర కిచిడీ పెడ్త, తిని మర్లిపోండ్రి."

తిని మర్లిపోయాం. దారంతా తిట్టాను. "ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది? అమ్మ కన్ను పోగొట్టినవ్."

"నాకు మంచిగున్నదా బామ్మర్ది?" అన్నాడు.

వెనక నుంచి అమ్మ అందుకుంది. "ఇగ ఊకోరా. కన్ను మల్ల చేస్తరు. గసొంటి అల్లుడు మల్ల దొరుకుతడా?"

ఆపరేషన్ ఎండాకాలం దాటాక గానీ కాలేదు. అప్పటిదాకా చేపల కూర వండినప్పుడల్లా బావ డ్యూటీ దిగి వచ్చి, అమ్మ పళ్ళెంలో ముళ్ళు ఏరి పెట్టేవాడు. అది నేను చేయాల్సిన పని. చేద్దామని లేచేలోగా ఆయన చేతులు కడుక్కుంటుండేవాడు. కట్టు విప్పిన రోజు అమ్మ చుట్టూ చూసి, "అల్లుడేడి?" అంది. నేను ఎదురుగానే ఉన్నాను.

రాష్ట్రం వచ్చింది. ఆయన చూసే పోయాడు. ఇన్నేళ్ళూ ఎవరిని చూసి కుళ్ళుకున్నానో ఆ మనిషే లేడు. నా పక్కన నడిచినవాళ్ళలో అంత తిన్నగా నడిచింది ఆయనొక్కడే, కుళ్ళుకోవడానికి ఇంకెవరు దొరుకుతారు?

ఆయన్ను తీసుకెళ్ళి తిరిగొచ్చాం. జనం పలచబడ్డాక అమ్మ నా చెయ్యి పట్టుకుని బావ బండి దగ్గరకు నడిచింది. ముందు అద్దాన్ని కొంగుతో తుడిచి, "ఎంత తేటగున్నదిరా" అంది. పక్కనే నా బండి. స్టిక్కర్ ఎప్పుడో గీకేశాను, జిగురు మాత్రం దుమ్ము పట్టి నలుచదరంగా అద్దం మీద అలాగే ఉంది. అమ్మ కాసేపు దాన్నే చూసింది. తర్వాత అదే కొంగుతో దాన్నీ తుడుస్తూ నిలబడింది.