హమీదా పట్టిన పదును

కత్తులకు సానపట్టే భర్త ఖదీర్ పోయిన ఏడాదికి హమీదా అతని సానరాయిని అటక మీంచి దించింది. నేర్పేవాళ్లు లేరు. ముప్పై ఏళ్లు పక్కన కూర్చుని విన్న చప్పుడే గుర్తు. రాయి మీద నీళ్లు చిలకరించి, కత్తిని వాలుగా ఆనించి, ఆ చప్పుడు వచ్చేదాకా నూరేది. వేలు తెగితే పసుపు అద్దుకుని మళ్లీ మొదలుపెట్టేది. జనగామ ఆడవాళ్లు కూరగాయల కత్తులు ఇచ్చారు గానీ, గొంతు దగ్గర ఆడించే మంగలికత్తిని మాత్రం ఎవరూ ఆమెకు ఇవ్వలేదు.

సకల జనుల సమ్మెలో సెలూన్ల వాళ్లు నడిరోడ్డు మీద కుర్చీలు వేసి, గడ్డాలు గీస్తూ నిరసన తెలిపారు. బస్సుల్లేక వరంగల్ నుంచి సానపట్టేవాడు రాలేదు. వాళ్లలో ఒకడైన కొమురెల్లి మొద్దుబారిన మంగలికత్తితో హమీదా దగ్గరికొచ్చాడు.

"జర చూడక్కా, ఇంకెవ్వలు లేరు."

హమీదా సానరాయితో కుర్చీల దగ్గరికి వెళ్లి, కత్తి నూరి, తోలుపట్టీ మీద లాగి, తన ముంజేతి వెంట్రుకల మీద ఆడించి చూసి ఇచ్చింది. కొమురెల్లి సమ్మెలో ఉన్న ఒక సారుకు గడ్డం గీశాడు. ఒక్క గాటు పడలేదు.

"ఎవలు నేర్పిండ్రక్కా?"

"ఎవ్వలు లేరు తమ్మీ, నేనే నేర్చుకున్న."

తర్వాత మిగతా కత్తులూ వచ్చాయి. మధ్యాహ్నానికి పని అయిపోయింది. అయినా ఆఖరి కుర్చీ ఎత్తేదాకా ఆమె అక్కడే కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు.