తొర్రలో బాలింత

గంగారంలో మా అక్క పొలాన్ని ఆనుకుని, వాగు ఒడ్డున వాళ్లదే ఒక జామాయిల్ తోట ఉంది. నాలుగేళ్లకోసారి నరికి అమ్మేస్తారు కాబట్టి, జామాయిల్ చెట్టు ముసలిది కావడం మా వైపు ఎవరూ చూడరు. వాగు మలుపులో ఉన్న ఒక్కటి మాత్రం, లారీ అక్కడిదాకా పోలేక, ప్రతిసారీ మిగిలిపోయింది. ఇప్పుడు ఇద్దరు చేతులు చాచినా అందనంత లావైంది.

మొన్న యాసంగి పంటప్పుడు అక్క బావి అడుగంటింది. వరి పొట్ట మీద ఉంది, ఇంకా నెల రోజులు నీళ్లు కావాలి. "గా ముసలి జామాయిలే నీళ్లన్ని తాగుతున్నది" అని ఊరంతా అన్నారు. జఫర్‌గఢ్ నుంచి వెళ్లిన నేనూ తగుదునమ్మా అని తల ఊపాను. బడిలో సైన్సు చెప్పేవాణ్ణి, ఒక్క చెట్టుతో బావి ఎండదని తెలియదా? తెలుసు. అక్క ఏడుస్తుంటే ఏదో ఒకటి చేసినట్టు కనబడాలనిపించింది. కోతవాళ్లను నేనే పిలిచాను.

చెట్టు మొదలు తట్టి చూసి, "లోపలంతా డొల్ల, దేనికీ పనికిరాదు" అని కూడా అన్నాను. రంపం మిషన్ మోగింది. అంతలో బూడిద రంగు పెద్ద పిట్ట ఒకటి, పొడుగు ముక్కులో మేడిపండు పట్టుకుని, మా తలల మీద గిరికీలు కొట్టసాగింది. కోతవాళ్లలో పెద్దాయన చెయ్యెత్తి, నా పక్కనే నిలబడ్డ అక్క వైపు తిరిగాడు.

"బంద్ చెయ్‌రా! అమ్మా, గటు సూడు, తొర్రకు మట్టి మెత్తి ఉన్నది. ఆడిపిట్ట లోపట కూసొని తలుపేసుకుంటది. మొగపిట్ట సందుల నుంచి తిండి పెడ్తది. పిల్లలు జర పెద్దగైనంకనే బయటికొస్తది. గింత తొర్ర లేత చెట్లకు యాడుంటది? బాలింత ఉన్న ఇంటిమీద గొడ్డలి పెట్ట నేను."

పొలం అక్కది, ఎండుతున్న వరి అక్కది. "ఇంకొకల్ని పిలుద్దామా?" అన్నాను, సిగ్గులేకుండా.

అక్క చాలాసేపు ఆ మట్టి సందునే చూసింది. లోపలి నుంచి ముక్కు కొన బయటికి వచ్చి పండు అందుకుంది.

"నాకు పురుడైన ఐదోనాడు వాగొచ్చి ఇల్లు మునిగితే, మంచంతోటి ఎత్తుకపోయిండ్రు తమ్మీ. పిల్ల దక్కలే. నువ్వు సిన్నోడివి, నీకు యాదికి లేదు. వరి పోతే పోనియ్."

కోతవాళ్లు మిషన్ సర్దుకున్నారు.

సగం మడి ఎండిపోయింది. అక్క అందులోకి మేకలను తోలింది. నెల తర్వాత ఫోన్ చేసి, మిగిలిన వరి ఎట్లుందని భయపడుతూనే అడిగాను.

"తలుపు తీసింది తమ్మీ," అంది అక్క. "ఇద్దరు పిల్లలు."