చౌడు మడిలో జమ్ము వేళ్ల బరువు

మా ఇరవై గుంటల మడి చెరువు కట్ట కిందే ఉంది. నాకు తెలిసినప్పటి నుంచీ అది చౌడు నేల. ఎండాకాలం వచ్చిందంటే పైన తెల్లగా ఉప్పు పేరుకునేది. తెలంగాణ వచ్చాక చెరువులో పూడిక తీశారు. నీళ్లు నిలిచాయి, కట్ట కింద ఊట పెరిగింది, మడి ఏడాది పొడుగునా చిత్తడిగా ఉండసాగింది. ఆ ఉప్పు బురదలో ఎవరూ నాటకుండానే జమ్ము గడ్డి లేచింది. మూడో ఏటికి మనిషెత్తు దాటింది.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ని. గొలుసు పట్టి పొలాలు కొలవడం, గుంత చూసి ఎన్ని ట్రాక్టర్ల మట్టి వస్తుందో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. ఒక పాత పుస్తకంలో చదివాను: సముద్రపు ఒడ్డున ఉప్పు నేలల్లో పెరిగే మొక్కలు గాలిలోని కార్బన్‌ను తీసుకొని, వేళ్ల దారిన బురదలోకి దింపుతాయట. బురదలో గాలి ఆడదు కాబట్టి అది తొందరగా కుళ్లిపోదట. సముద్రాన్ని నేను చూడలేదు. కానీ మా మడిలో ఉప్పు ఉంది, బురద ఉంది, మొక్క ఉంది. మూడింటికి మూడూ కుదిరాయి.

నా భార్య లెక్క వేరు. "జమ్మును పెంచుతున్నవా, పాములను పెంచుతున్నవా?" అనేది. చిట్యాల వైపు ప్లాట్లకు మొరం తోలే టిప్పర్లు మా ఊరి మీదుగానే పోతాయి. మొరం పోసి మడిని ఎత్తు చేస్తే కూరగాయలన్నా పండుతాయని ఆమె వాదన. అడుగు మందానికి అరవై రెండు టిప్పర్లు పడతాయని చెప్పాను.

"పడనియ్యి. ఏడాదికి కొన్ని పోయిస్త," అంది. "రెండేండ్లు జూస్త. గా జమ్ముతోని నేలకు ఏం ఒరిగిందో జూపియ్యి. లేకుంటే మొరమే."

తప్పు మాట కాదు. మాకున్న మెట్ట చెలకలో నాకంటే ఎక్కువ చెమటోడ్చేది ఆమే.

నేను తొందరపడ్డాను. బతుకమ్మ పండుగ ముందర, జమ్ము పచ్చగా, బరువుగా ఉన్నప్పుడు మొత్తం కోయించి ఆ చెలకలో ఎరువుగా పరిపించాను. బలమంతా కంటికి కనిపించే ఆకులోనే ఉందనుకున్నాను. ఇరవై గుంటల్లో ఎన్ని మోపులు వచ్చాయో రాసుకొని మురిసిపోయాను. మరుసటి ఏడు జమ్ము పలచగా, మోకాలెత్తున లేచింది. అంచుల్లో మళ్లీ తెల్లటి ఉప్పు తేలింది. నా రెండేళ్లలో ఒక ఏడు అట్లా పోయింది.

పక్క మడి అవ్వ ఒకప్పుడు ఊరందరి గుడిసెలకు జమ్ము కప్పిన మనిషి. గట్టు మీద కూర్చుని మా మడిని చూసి నవ్వింది.

"లెక్కల సారూ, పచ్చిగున్నప్పుడే కోస్తివి గద?"

"అవునవ్వా. అప్పుడే బరువుంటది."

"దాని నోటికాడి బుక్క గుంజుకుంటివి కొడుకా. మేం తల ఎండినంకనే కొడవలి పట్టేటోళ్లం. అప్పటికి తిండంత కింది గడ్డలకు దిగుతది. మనకు ఉత్త గడ్డి మిగులుతది, కప్పుకు గదే మంచిది. ఎండకాలం అది గా దాసుకున్నది తిని లేస్తది."

వినడం ఒకటి, తూచడం ఒకటి. జమ్ము చిక్కగా మిగిలిన చోట మీటరుకు మీటరు చొప్పున రెండు చదరాలు గుర్తు పెట్టాను. ఒకటి పచ్చగా ఉన్నప్పుడు తవ్వాను. రెండోది చలి ముదిరి తలలు గోధుమ రంగుకు తిరిగాక తవ్వాను. వేళ్లు, గడ్డలు మూడు నీళ్లలో కడిగి, డాబా మీద పన్నెండేసి రోజులు ఎండబెట్టి, కిరాణం కొట్టు కాంటా మీద తూచాను. పచ్చగా ఉండగా తవ్వినవి కిలో ఏడు వందల గ్రాములు. తల ఎండాక తవ్వినవి రెండు కిలోల ఆరు వందలు. తొమ్మిది వందల గ్రాముల తేడా! అవ్వ కాంటా లేకుండా చెప్పిన మాటకు నా కాంటా సాక్ష్యం పలికింది. ఆ ఏడు తలలు ఎండాకే జమ్ము కోయించాను. తర్వాతి వానలకు జమ్ము మళ్లీ మనిషెత్తు లేచింది.

అయినా నా భార్య అడిగింది వేళ్ల గురించి కాదు, నేల గురించి. గడువు దగ్గర పడింది. మొరం టిప్పరుకు ఆమె అప్పటికే చెప్పి వచ్చింది.

జమ్ము కింది నల్లమట్టి ఒక కిలో, ఏమీ మొలవని తెల్ల అంచు మట్టి ఒక కిలో, రెండూ బాగా ఎండినవి తీసుకున్నాను. పెరట్లో కట్టెల పొయ్యి మీద ఇనుప మూకుడు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి, రెంటికీ ఒకే సేపు ఎర్రగా కాల్చాను.

"ఏందయ్యా, మట్టి వేపుడా? ఉప్పు ఎట్లాగూ ఉన్నది, కారం తేవాల్నా?" అంది నా భార్య.

"జర ఆగు. మొక్క నుంచి వచ్చినదంత కాలిపోతది. రాయి, ఉప్పు మిగుల్తయి. ఎంత తగ్గితే గంత జమ్ము పెట్టినట్టు."

మట్టిలో దాగిన తడి కూడా కొంత పోయే ఉంటుంది. అందుకే రెండు మట్టిలకూ ఒకే మంట. చల్లారాక కాంటా ఆమె చేతికే ఇచ్చాను. తెల్లమట్టి ముప్పై గ్రాములు తగ్గింది. నల్లమట్టి నూట పది.

ఆమె మడిలోకి దిగి, మోచేతి దాకా బురదలో చెయ్యి పెట్టి, ఒక ముద్ద తీసి పిసికింది. వాసన చూసింది. "వానపాములు గూడ వచ్చినయి," అంది.

మర్నాడు పొద్దున్నే టిప్పరు వచ్చింది. డ్రైవరు మడి వైపు తిప్పబోతుంటే ఆమె ఎదురుపోయింది. "అటు గాదు తమ్మీ. మా బర్ల కొట్టం ముందర మొరం పొయ్, వానకు బురదైతాంది. ఇంకో టిప్పరు వద్దు."

ఆ రోజు నేను ఎంత మురిశానో ఏ కాంటా తూచలేదు.

ఇప్పుడు కట్ట మీద పోయేవాళ్లు మడిని జమ్ముకు ఎందుకు వదిలేశారని అడిగితే జవాబు చెప్పేది ఆమే. మొన్న ఒకరితో అంటోంది: "కిలో మట్టిల నూట ఇరవై గ్రాములు దాసింది మా జమ్ము. తెల్ల చౌడుల ముప్పయ్యే."

"నూట పది," అన్నాను వెనక నుంచి.

"నువ్వు తూచింది పోయినేడు. ఏడాదంత గది ఉత్తగనే నిలబడ్డదా?"

ఒక్క ఏడాదిలో అంత పెరగదని నాకు తెలుసు. అయినా ఇంటికి పోయి మూకుడు కడిగి పెట్టాను.