వంటింటి నడుమ పొయ్యి

మా ఇంటికి వచ్చినవాళ్లు వంటింట్లో నేల వైపు చూస్తే నేను వెంటనే మాట మార్చేస్తాను. అక్కడ ఒక బారు టైల్స్ ఒక రంగు, మిగతావన్నీ ఇంకో రంగు. ఆ బారు కింద నా తెలివితేటలు పూడ్చిపెట్టి ఉన్నాయి. ఇవాళ తవ్వి చూపిస్తాను, కడుపారా నవ్వుకోండి. ఇల్లు కూలలేదు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అంతకు మించి ఏ మంచీ జరగలేదు.

ఇబ్రహీంపట్నంలో కాలేజీ రోడ్డు మీద నాకో జిరాక్స్ షాపు ఉంది. ఏళ్ల తరబడి కిరాయి ఇళ్లలో గడిపి, చివరికి సొంతిల్లు కట్టుకున్నాం. టైల్స్ కూడా పడ్డాక ఒకరోజు నా భార్య సుజాత కొత్త వంటింటి గడపలో నిలబడి అంది:

"ఇండ్లు ఎన్ని మారినా నా బతుకు గిదే. మీరంత హాల్ల కూసొని నవ్వుకుంటుంటరు. నేనొక్కదాన్నే గోడకు మొఖం వెట్టి వండుతుంట."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజంగానే బాధేసింది. బాధపడి ఊరుకునే మనిషినైతే మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఆ సాయంత్రమే ఫోన్లో ఒక వీడియో చూశాను. వంటింటి మధ్యలో ఒక గట్టు, దాన్ని ఐలాండ్ అంటారట. ఆ గట్టులోనే గాజు పొయ్యి బిగించి ఉంది. ఎదురుగా కూర్చున్నవాళ్లతో ముచ్చట్లు పెడుతూ ఒకావిడ హాయిగా వండుతోంది. ఆమె ఏం వండుతోందో గమనించానా? లేదు. తర్వాత తీరిగ్గా చూస్తే ఏవో ఆకులు ఉడకబెడుతోంది. మా ఇంట్లో ఎండు మిరపకాయల పోపు పెడతారన్న సంగతి నాకప్పుడు తట్టనేలేదు.

మేస్త్రి యాదగిరన్నను పిలిచాను.

"అన్నా, హాలుకు, వంటింటికి నడుమ గోడ తీసెయ్. నడిమిట్ల గట్టు కట్టు. పొయ్యి దాని మీదనే."

"గ్యాస్ పైపు ఎట్ల పోతది?"

"నేల కిందికెళ్లి."

"టైల్స్ ఏసినంక చెప్తున్నవా? పలగ్గొట్టాలె. మళ్ల గదే రంగు దొరుకుతదో లేదో."

"ఫికర్ చెయ్యకు, దొరుకుతది."

దొరకలేదు.

"మరి పొగ సంగతేంది?" అన్నాడు యాదగిరన్న. చిమ్నీ కోసం దుకాణంలో అడిగాను. గోడకు బిగించేది ఒక ధర, స్లాబుకు వేలాడదీసేది దానికి రెండింతల పైనే. అప్పటికే నా జేబుకు చిల్లు పడింది. "కిటికీ ఉన్నది గద" అన్నాను. కిటికీ ఎక్కడో మూలన ఉంది. ఫ్యాన్ మాత్రం సరిగ్గా పొయ్యి నెత్తి మీద ఉంది.

సుజాత మధ్యలో ఏదో చెప్పబోయింది. "నువ్వు ఊకో, అంత నీకోసమే" అన్నాను.

గృహప్రవేశానికి మా అక్క కందుకూరు నుంచి వచ్చింది. కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఆడపడుచే కదా. గిన్నె పట్టుకొని పొయ్యి దగ్గరికొచ్చి టక్కున ఆగింది.

"తూర్పు ఎటురా?"

తూర్పు సరిగ్గా ఆమె వీపు వెనక ఉంది. వండే మనిషి హాలు వైపు చూడాలన్న ఆత్రంలో నేను దిక్కులే మరిచాను.

"పడమరకు తిరిగి పాలు పొంగిస్తరా ఎవరన్న? మతి ఉన్నదా నీకు?"

అక్క గిరుక్కున తిరిగి, గట్టుకు అవతల హాలు వైపు నిలబడింది. ఇప్పుడు మొహం తూర్పుకే ఉంది. మంట తిప్పే బటన్లు మాత్రం ఇవతల ఉండిపోయాయి. మంట మీదుగా చేయి చాపడం అక్కకు కుదరదు కాబట్టి బటన్ల దగ్గర నేను నిలబడ్డాను.

"పెంచురా!"

పెంచాను.

"గంత గాదు, జర తగ్గించు!"

తగ్గించాను. హాల్లో ఉక్కపోతకు తట్టుకోలేక చుట్టాల్లో ఎవరో పుణ్యాత్ములు ఫ్యాన్ వేశారు. పొయ్యి టప్పున ఆరిపోయింది.

"ఫ్యాన్ బంద్ చెయ్యిర్రి!" అని అక్క కేక.

ఫ్యాన్ ఆగితే జనం ఉడికారు, తిరిగితే పాలు ఉడకలేదు. చివరికి ఎలాగో పొంగాయి. పొంగి, నున్నటి గాజు మీద జారి, గట్టు దిగి, నేరుగా అక్క పట్టుచీర కుచ్చిళ్ల మీద పడ్డాయి.

"మంచిదే అక్కా, పొంగినయ్ గద" అన్నాను. అక్క నన్ను చూసిన చూపుకు పొయ్యి లేకుండానే ఇంకో గిన్నెడు పాలు మరిగేవి.

ఇక కాపురం మొదలైంది. మొదటి పోపుకే హాలంతా దగ్గులు. కొత్త సోఫా మీద నూనె చుక్కలు. పిల్లలు బెడ్రూంలోకి పోయి తలుపేసుకున్నారు. నేను పేపరు పట్టుకొని వరండాలోకి చేరాను. ఒకరోజు అక్కణ్నుంచి లోపలికి చూస్తే, సుజాత ఖాళీ సోఫా వైపు చూస్తూ గరిటె తిప్పుతోంది. ఇదివరకు వంటింట్లో మాత్రమే ఒంటరిగా ఉండేది. నా పుణ్యమా అని ఇప్పుడు హాల్లోనూ ఒంటరిదే. నవ్వు రాలేదు నాకు. పేపరులో ఒక్క ముక్క కూడా బుర్రకెక్కలేదు.

లోపలికి వెళ్లాను.

"సుజాతా, తప్పైంది. పొయ్యి మళ్ల తూర్పు గోడకే పెట్టిస్త."

"పెట్టియ్."

"కాని నువ్వు మళ్ల గోడకు మొఖం వెట్టి వండాలె గద?"

ఆమె మంట తగ్గించి నా వైపు చూసింది.

"గోడతోని నాకేం పంచాయితీ లేదయ్యా. పొయ్యిని హాల్లకు తెమ్మన్ననా నేను? నువ్వు జర వంటింట్లకు రావాలని చెప్పిన."

ఈ ముక్క ముందే ఎందుకు చెప్పలేదని అడగబోయి నోరు మూసుకున్నాను. చెప్పబోయినప్పుడల్లా నేను మేస్త్రితో మాట్లాడుతూ ఉన్నాను మరి.

పొయ్యి గోడ దగ్గరికి పోయింది. ఐలాండ్ మీద ఇప్పుడు నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. "గంత లావు లావా? సన్నగ కోయ్!" అని ఆమె గోడ వైపు తిరిగే తిడుతుంది, మధ్యలో నవ్వుతుంది కూడా. కాబట్టి పాఠకులారా, ఎడమ చేత ఉల్లిగడ్డ, కుడి చేత కత్తి పట్టుకొని, ధారాపాతంగా కారుతున్న కన్నీళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నా భార్య తన బాధ చెప్పుకుంటున్నప్పుడు, ఆమె మాట పూర్తయ్యేదాకా నేను మేస్త్రికి ఫోన్ చేయను.