సక్కుబాయి నమ్మిన లారీ

ఆలూరులో సక్కుబాయి చామంతులకు ఎంత పేరో, ఆమె నోటికీ అంతే పేరు. చేవెళ్ల దారిలో పట్నానికి పూలు మోసే వ్యాన్ల డ్రైవర్లలో ఆమె చేత చీవాట్లు తినని వాడు అరుదు. ఎకరంన్నర చేనులో ఇరవై రెండేళ్లుగా పూలు పండిస్తున్న ఆమె, కొత్త వ్యాను వస్తే ముందుగా కిరాయి అడిగేది కాదు. పూల గంప ఒకటి డ్రైవరు చేతికిచ్చి బండిలో పెట్టమనేది. దాన్ని దబ్బున పడేసిన వాడికి ఆలూరులో అదే చివరి గంప. మోకాలు వంచి, అడుగున చెయ్యి ఉంచి మెల్లగా దింపినవాడికి మరునాటి నుంచి చాయ్ కూడా దొరికేది.

“గంప దింపుడు చూస్తే మనిషి సంగతి తెలుస్తది” అనేది సక్కుబాయి.

“లగ్గానికి ముందు నాతోని ఏ గంప దింపిచ్చి చూసినవే?” అని భర్త అనంతయ్య ఉడికించేవాడు.

“చూసే మోక ఇయ్యకపాయె మా బాపు!”

2007 జూన్‌లో అదే సక్కుబాయి కూతురి కారును పరాయివాళ్ల చేతిలో పెట్టవలసి వచ్చింది.

కూతురు అశ్వినికి పసితనంలో పోలియో సోకి ఎడమకాలు సన్నబడింది. కారు క్లచ్ తొక్కడానికి ఆ కాలు చాలదు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన రెండో ఏట ఆమె ఒక చిన్న తెల్లకారు కొనుక్కొని, మొయినాబాద్ మెకానిక్ వెంకటయ్య చేత గేరు పక్కన ఒక మీట పెట్టించుకుంది. క్లచ్ పనంతా ఆ మీట మీద చేత్తోనే జరిగేది. మూడేళ్లుగా ఎండనక, వాననక ఆమె తన దారిన తాను ఆఫీసుకు వెళ్లి వస్తూనే ఉంది.

ఇప్పుడు కంపెనీ ఆమెకు పెద్ద హోదా ఇచ్చి గుర్‌గావ్‌కు బదిలీ చేసింది. జులై రెండో తేదీ, సోమవారం ఉదయం చేరాలి. దొరికిన ఇంటికీ ఆఫీసుకూ మధ్య పద్నాలుగు కిలోమీటర్లు. బస్సు మెట్లు ఆమె ఎక్కలేదు. అటువంటి మీట ఉన్న కారు అద్దెకు దొరకదు. పదిహేను వందల కిలోమీటర్లు ఒంటరిగా నడుపుకుంటూ పోవడం జరగని పని. తాను రైల్లో వెళ్లినా కారు లారీ మీద రావాలి. ఆ సోమవారం లోపల, మీట చెడకుండా రావాలి.

తల్లీకూతుళ్లు మొదట మొయినాబాద్‌లో గోవర్ధన్ అనే ఏజెంటు ఆఫీసుకు వెళ్లారు. గది చల్లగా ఉంది. అడగకముందే కూల్‌డ్రింకులు వచ్చాయి. గోడ మీద దేశపటం, దాని నిండా ఎర్ర చుక్కలు.

“తమ్మీ, కార్ల ఒక బియ్యం బస్తా ఏసుకోవచ్చునా?” అని అడిగింది సక్కుబాయి.

“ఒకటేందమ్మా, రెండు ఏసుకో.”

“మామిడికాయ తొక్కు జాడీ?”

“జాడీ ఎందుకు, చెట్టే పెట్టు!”

సక్కుబాయి పకపకా నవ్వింది. “మరి ఎన్నొద్దులకు చేరుతది?”

“మీరెన్నంటే అన్ని.”

“నాలుగొద్దులు?”

“నాలుగే.”

బయటికి వచ్చాక అశ్విని నెమ్మదిగా అంది: “అవ్వా, ఏడెనిమిది కార్లు నిండితే గని లారీ కదలదు. నాలుగొద్దులల్ల ఎట్ల పోతది?”

“అంత మంచిగ మాట్లాడే మనిషి అబద్ధమాడుతడా?”

వ్యాను డ్రైవర్లను గంపతో తూచే సక్కుబాయి ఆ రోజు బియ్యం బస్తా దగ్గర మెత్తబడిపోయింది. అశ్విని ఇంటికి వచ్చి ఫోను అందుకుంది. ఆఫీసులో ఇదివరకు కార్లు పంపించుకున్న వాళ్లిద్దరిని విడివిడిగా అడిగింది. ఇద్దరూ చేవెళ్ల సాముయేలు పేరే చెప్పారు. సొంత లారీ, తానే డ్రైవరు, దారిలో పోయిన సరుకుకు బీమా కాగితం కూడా ఉంది. ఒకసారి వచ్చి కారు చూసిపొమ్మని అశ్విని అతణ్ణి పిలిచింది.

మరునాడు సాముయేలు వచ్చేసరికి వాకిట్లో కారు కనబడలేదు. కనబడింది తడి గోనెసంచుల గుట్ట. పూల గంపలను పట్నం పంపేటప్పుడు వాడిపోకుండా తడిగోనె కప్పడం ఆలూరు రైతుల పద్ధతి. సక్కుబాయి తెల్లవారకముందే లేచి కూతురి కారుకూ అదే మర్యాద చేసింది. లోపల వెనక సీటులో రెండు బియ్యం బస్తాలు, జాడీ, చింతపండు మూట, రోలు.

సాముయేలు నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. “అక్కా, ఇది కారా, చామంతి గంపనా?”

“తొవ్వల ఎండ కొడ్తది తమ్మీ.”

“ఇంకిన్ని నీళ్లు సల్లితే లారీ అంత పెరుగుతదంటుంది మా ఆమె” అన్నాడు అనంతయ్య అరుగు మీది నుంచి.

“ఇవన్ని తియ్యాలె. లోపలి సామానంతా దించాలె. కారు కడిగి ఆరబెడితేనే నేను చూస్త.”

సక్కుబాయి ముఖం ఎర్రబడింది. “మొయినాబాద్ ఆయన రెండు బస్తాలు ఏసుకోమన్నడు. నువ్వు జాడీ గూడ వద్దంటవ్! పైసలు పుచ్చుకునేటోడివి నువ్వా, నేనా?”

“బస్తాల బరువుకు కారు కిందికి కూసుంటది అక్కా. గుంత వచ్చినప్పుడల్లా అడుగు కొట్టుకుంటది. చెక్‌పోస్టుల సామాను చూసి ఆపితే ఆగేది నీ కారొక్కటే గాదు, ఇంకా ఆరు ఆగుతయ్. జాడీ పగిలిందనుకో, ఏడాది దాక చెల్లె తొక్కు వాసనతోని ఆఫీసుకు పోవాలె.”

అనంతయ్య దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. అశ్విని నవ్వాపుకోలేక లోపలికి వెళ్లి బకెట్టు తెచ్చింది.

కడిగిన కారు చుట్టూ సాముయేలు వంగి వంగి తిరిగాడు. ఎడమ తలుపు కింద గీత, వెనక బంపరు మూల సొట్ట, అద్దం అంచున చిన్న పగులు: పదకొండు వంకలు కాగితం మీద రాశాడు.

“పిల్లను చూడొచ్చిన మొగపెళ్లోళ్ల లెక్క వంకలెన్నుతున్నవేంది?”

“ఇయ్యాల రాసుకుంటే అక్కడ దింపినంక నీకు నాకు లొల్లి ఉండది.” కాగితం కింద తాను సంతకం చేసి, అశ్విని చేత చేయించి, ఒక ప్రతి ఆమెకిచ్చాడు.

ఆ తరువాత కారెక్కి తాళం తిప్పబోయి ఆగాడు. గేరు పక్కన మీట చూశాడు. “ఇదేంది చెల్లె?”

“క్లచ్చన్నా. చేతితోటి నొక్కాలె. కాలితోటి ఒక్కసారి గట్టిగ తొక్కితే లోపలి తీగ ఊడొస్తది. ఇంతకుముందు ఒకసారి ఊడింది.”

“మరి ముందే చెప్పకపోతివి! ఎక్కు ఎక్కు, నేను నేర్చుకోవాలె.”

ఇరవై ఏళ్లుగా లారీ తోలుతున్న మనిషి ఆ వాకిట్లో అశ్విని పక్కన కూర్చొని బడిపిల్లవాడిలా పాఠం విన్నాడు. మొదటిసారి ఇంజను ఆగిపోయింది. రెండోసారి కారు కప్పలా ఎగిరితే కోళ్లన్నీ గోడెక్కాయి. “అన్నా, మెల్లగ వదులు, మెల్లగ!” అని అశ్విని అరిచింది. నాలుగోసారి కారు వాకిలి చుట్టూ నీళ్లలో పడవలా తిరిగి వచ్చింది. సాముయేలు చెమట తుడుచుకున్నాడు.

“ఎక్కిచ్చేది నేనే, దింపేది నేనే. వేరే ఎవ్వని చేతికియ్య. పది దినాలు పడ్తది. వానపడితే ఇంకొకటో రెండో. నాలుగన్నోడు నీకు అబద్ధం చెప్పిండు.”

సక్కుబాయి అంతవరకు గడపలో నిలబడి చూస్తూనే ఉంది. చేతిలో చామంతుల గంప సిద్ధంగా ఉంది కానీ, ఆమె దాన్ని పక్కన పెట్టి, లోపలికి వెళ్లి మొయినాబాద్‌కు ఫోను కలిపింది.

“తమ్మీ, మా బిడ్డ కారు లారీ ఎక్కిచ్చేదెవరు?”

“ఎవరో ఒకరు ఎక్కిస్తరమ్మా. మీకెందుకు ఫికర్?”

“క్లచ్ చేతితోటి నొక్కాలె, ఎర్కేనా?”

“మావోళ్లకు అన్ని బండ్లు వస్తయమ్మా.”

“ఆ మావోళ్ల పేర్లేంది?”

అవతల గోవర్ధన్ కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది. “మూడు బస్తాలు ఏసుకోమన్నా నీకియ్య” అని ఆమె ఫోను పెట్టేసి, పొయ్యి మీద చాయ్‌కి నీళ్లు పెట్టింది.

జూన్ పంతొమ్మిదిన కారు లారీ ఎక్కింది. నాలుగు చక్రాలకూ పట్టీలు బిగించిన సాముయేలు ప్రతి పట్టీనీ సక్కుబాయి చేతనే లాగించి చూపించాడు. వారం గడిచాక అశ్విని రైలెక్కింది. ఇరవై ఏడో తేదీన సాముయేలే ఫోను చేశాడు: నాగ్‌పూర్ దాటాక వాగు పొంగి లారీలన్నీ ఆగాయనీ, శుక్రవారం చేరవలసింది ఆదివారం అవుతుందనీ చెప్పాడు. సక్కుబాయి వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆదివారం తప్పితే మిగిలేది సోమవారమే.

“ఆదివారమన్న ఖాయమేనా తమ్మీ?”

“వాగు నా మాట వినది అక్కా. నీళ్లు తీసినంక మాత్రం ఎక్కడ ఆగ.”

ఆ మూడు రోజులూ ఆమె పూలు కోస్తూ మొగ్గలు కూడా తెంపింది. అనంతయ్య ఆ మొగ్గలను గంపలోంచి ఏరి పక్కన పెట్టాడు. ఒక్క మాటంటే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

ఆదివారం సాయంత్రం ఫోను మోగింది. “వచ్చిందవ్వా! కాగితం పట్టుకొని ఒక్కొక్కటి చూసిన. పదకొండే ఉన్నయ్. మీట మంచిగున్నది. అన్ననే దింపిండు, ఇంజను ఒక్కసారి గూడ ఆపలె!”

సోమవారం పొద్దెక్కినా చేనులోంచి కదలకుండా సక్కుబాయి ఫోను కొంగున కట్టుకొని తిరిగింది. తొమ్మిదిన్నరకు మోగింది.

“అవ్వా, ఆఫీసుకొచ్చిన. కని ఒక బ్రిడ్జి దగ్గర ఎడమకు తిరిగేది కుడికి తిరిగిన. ఎటో పోయిన. ఊరంతా చుట్టొచ్చి, పది నిమిషాలు మాత్రమే ఉన్నయనంగ చేరుకున్న.”

“ఎవరన్న తోడున్నరా?”

“ఎవ్వరు లేరు. నేనొక్కదాన్నే.”

సక్కుబాయి గట్టు మీద కూలబడి, పక్క చేను వాళ్లు తలెత్తి చూసేంత గట్టిగా నవ్వింది.

“తప్పితే తప్పినవ్ తీ బిడ్డా. నీ దారి నువ్వే తప్పినవ్, మళ్ల నువ్వే దొరకవట్టినవ్. ఇగ లోపలికి పో, పెద్దసారు చూస్తడు!”